అమెరికాలో అబ్బాయికి ఇచ్చిన గడువు పర్లాకిమిడిలో నాన్నకు ఇస్తారా?

ఈ ఉత్తరం 2025 నవంబర్‌లో, ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి నుంచి వచ్చింది. రాసినవారు పేరు వేయొద్దన్నారు. ఉత్తరంలోని ముఖ్యమైన భాగం ఇది:

"పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా బట్టల కొట్టు నడుపుతున్నాను. నాకు 57 ఏళ్లు. ఏటా జూలైలోనే మా ఆడిటర్ గారి చేత ఆదాయపు పన్ను రిటర్ను వేయించేవాణ్ణి. ఈసారి ఆగస్టులో మా ఆవిడ ఆపరేషను కోసం విశాఖపట్నం వెళ్లి, దసరా దాకా అక్కడే ఉండిపోయాం. సెప్టెంబర్ 16తో గడువు అయిపోయిందని వచ్చాక తెలిసింది. న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి 'నేనూ ఏప్రిల్‌లో వెయ్యలేదు నాన్నా, మా అకౌంటెంట్ ఎక్స్‌టెన్షన్ పెట్టాడు, అక్టోబర్ 15 దాకా టైమిచ్చారు. నువ్వూ మీ ఆడిటర్‌ని పెట్టమను' అన్నాడు. ఆయన్ని అడిగితే అలాంటిది మన దగ్గర లేదు, 5,000 ఫైను పడుతుంది అన్నారు. పక్క షాపాయనేమో డిసెంబర్ 10 దాకా పెంచారు కదా అంటున్నాడు. మా ఆడిటర్ పని తప్పించుకుంటున్నారో, నా దగ్గర డబ్బు లాగుతున్నారో తెలియడం లేదు. పోయిన ఆర్థిక సంవత్సరం (2024-25) అమ్మకాలు 78 లక్షలు. అందులో 28 లక్షలు ఫోన్‌పే, బ్యాంకు ద్వారా వచ్చాయి. నాకూ అబ్బాయికీ జాయింటుగా ఉన్న ఎఫ్‌డీ మీద 1,10,000 వడ్డీ వస్తే 11,000 టీడీఎస్ (బ్యాంకు ముందే కోసే పన్ను) కోశారు. ఎల్‌ఐసీకి 72,000 కట్టాను. జనవరిలో బ్యాంకులో సీసీ (వ్యాపారానికిచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) లిమిట్ రెన్యువల్ ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఆడిటర్‌ని మార్చెయ్యమంటారా?"

అన్నగారూ, ముందు ఆ ఆడిటర్ గారి మీద అనుమానం తీసేయండి. ఆయన మీకు చెప్పింది నిజం. మీ అబ్బాయి చెప్పిందీ నిజమే. పక్క షాపాయన చెప్పినదాంట్లో కూడా అబద్ధం లేదు. మూడూ మూడు వేరు వేరు సంగతులు, మీకు కలిపి చెప్పేసరికి గాభరా పుట్టింది.

అబ్బాయి సంగతి చూద్దాం. అమెరికాలో ఏడాది ఆదాయానికి రిటర్ను ఏప్రిల్ 15 లోపు వేయాలి. కుదరనివాళ్లు ఆ తేదీ లోపే 4868 అనే ఫారం పెట్టుకుంటే అక్టోబర్ 15 దాకా ఆరు నెలల సమయం దానంతటదే వస్తుంది. కారణం రాయక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. అకౌంటెంట్లు కంప్యూటర్లో నిమిషాల్లో పెట్టేస్తారు. అయితే అక్కడున్న మన పిల్లలు చాలామంది సగమే చెవిన వేసుకునే విషయం ఒకటుంది. ఆ సమయం కాగితం వేయడానికే గానీ డబ్బు కట్టడానికి కాదు. కట్టవలసిన పన్నును ఉజ్జాయింపుగా లెక్కేసి ఏప్రిల్ 15 కే కట్టాలి. కట్టకపోతే బాకీ మీద నెలకు అర శాతం జరిమానా, దానిపైన వడ్డీ పడతాయి. ఎక్స్‌టెన్షన్ కూడా పెట్టకుండా ఊరుకుంటే జరిమానా నెలకు 5 శాతం చొప్పున పెరిగి 25 శాతం దాకా పోతుంది. మీవాడు ఫారం పెట్టి మంచి పనే చేశాడు. డబ్బు సంగతి ఏం చేశాడో మాత్రం అడగండి.

మన దేశంలో ఒక మనిషి తన ఇబ్బంది చెప్పుకుని 'నా రిటర్నుకి ఇంకో నెల ఇవ్వండి' అని ముందుగా పెట్టుకునే ఫారం లేదు. ఇక్కడ గడువు పెంచితే ప్రత్యక్ష పన్నుల బోర్డు పెంచాలి, అది కూడా ఒక తరగతి వాళ్లందరికీ కలిపి పెంచాలి. ఈ ఏడాది, 2025లో, అదే జరిగింది. జూలై 31 గడువును సెప్టెంబర్ 15 కి మార్చారు. ఆఖరి రాత్రి మరొక్క రోజు ఇచ్చి 16 చేశారు. అంటే మీకు రావలసిన ఎక్స్‌టెన్షన్ అప్పటికే అడక్కుండా వచ్చింది, మీరు ఆస్పత్రిలో ఉండగానే అయిపోయింది. ఇందులో మీ తప్పు లేదు. మీ ఆడిటర్ గారి తప్పూ లేదు.

పక్క షాపాయన చెప్పిన డిసెంబర్ 10, ఖాతాలకు తప్పనిసరిగా ఆడిట్ చేయించాల్సిన వాళ్లది. వాళ్ల అసలు గడువు అక్టోబర్ 31. అది పెరిగింది. ఆయన వ్యాపారం అంత పెద్దదై ఉంటుంది. మీరు 78 లక్షల అమ్మకాల మీద ఉజ్జాయింపు లాభం చూపించే పద్ధతిలో రిటర్ను వేస్తున్నట్టయితే మీకు ఆడిట్ లేదు, ఆ తేదీ మీది కాదు. దయచేసి ఆయన మాట పట్టుకుని డిసెంబర్ దాకా ఆగొద్దు.

మీకున్న తేదీ 2025 డిసెంబర్ 31. ఆ లోపు వేసేదాన్ని బిలేటెడ్ రిటర్ను అంటారు. ఆలస్యంగా వేసినా అది పూర్తి స్థాయి రిటర్నే. ఈ సమాధానం రాస్తున్న నాటికి కార్తీకం చివరికొచ్చింది, మీకింకా ఆరు వారాలుంది. మీ లెక్కకు ఒక్క పూట చాలు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. మీ నిద్ర పోగొడుతున్న భయం ఎంత పెద్దదో ఇద్దరం కలిసి కొలుద్దాం.

నగదు అమ్మకాలు 50 లక్షలు. ఉజ్జాయింపు పద్ధతిలో వాటి మీద 8 శాతం లాభం అంటే 4,00,000. బ్యాంకు, ఫోన్‌పే ద్వారా వచ్చిన 28 లక్షల మీద 6 శాతం చాలు, 1,68,000. రెండూ కలిపి 5,68,000. ఎఫ్‌డీ వడ్డీ 1,10,000 కలపండి. మొత్తం 6,78,000. కొత్త పన్ను విధానంలో 2024-25 సంవత్సరానికి మొత్తం ఆదాయం 7 లక్షలు దాటకపోతే రిబేటు వచ్చి పన్ను సున్నా అవుతుంది. పన్నే లేనప్పుడు దాని మీద ఆలస్యపు వడ్డీ కూడా ఉండదు. మిగిలేది లేట్ ఫీజు ఒక్కటే. ఆదాయం 5 లక్షలు దాటింది కాబట్టి 5,000. దాటకపోయి ఉంటే 1,000 తోనే పోయేది. మీ పేరున బ్యాంకు ముందే 11,000 కోసి కట్టింది. అందులోంచి ఈ 5,000 పోగా మీకే 6,000 తిరిగి రావాలి.

అంటే మీరు భయపడుతున్న ఫైను మీ జేబులోంచి తియ్యక్కర్లేదు, ఆడిటర్ గారి చేతికి ఇవ్వక్కర్లేదు. రిటర్నులోనే సర్దుబాటు అవుతుంది. ఆయన తన ఫీజు వేరే అడుగుతారు, అది ఆయన కష్టం. రెండూ కలిపి ఒకే మొత్తంగా చెప్పి ఉంటే మీకు లాగుతున్నట్టు అనిపించి ఉండొచ్చు. కంప్యుటేషన్ షీటు (పన్ను లెక్క కాగితం) ప్రింటు ఇవ్వమని అడగండి. లేట్ ఫీజు అని ఒక వరస, టీడీఎస్ అని ఒక వరస, రిఫండ్ అని ఒక వరస కనబడతాయి. దాంతో మీ సందేహం తీరిపోతుంది.

ఇక్కడ నిజాయితీగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఆ 8, 6 శాతాలు తక్కువలో తక్కువ చూపించాల్సినవి. మీకు నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి. అప్పుడు మొత్తం 7 లక్షలు దాటితే పన్ను వస్తుంది, కట్టని పన్ను మీద నెలకు ఒక శాతం వడ్డీ కూడా వస్తుంది. నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెలగానే లెక్కిస్తారు. అలాంటప్పుడు రిటర్ను ఎప్పుడు వేసినా డబ్బు మాత్రం ముందే చలానాతో కట్టేయడం మేలు. అమెరికా అయినా ఆంధ్రా అయినా ఒడిశా అయినా ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

ఆలస్యం వల్ల పోయేది మరొకటి కూడా ఉంది. గడువు దాటాక పాత పన్ను విధానం ఎంచుకోవడానికి వీల్లేదు. ఎల్‌ఐసీ, పీపీఎఫ్ లాంటి మినహాయింపులు చూపించుకునే దారి మూసుకుపోతుంది. మీ లెక్క నేను వేసి చూశాను. మీ 72,000 తీసేసినా పాత విధానంలో 6,06,000 మిగిలి, సెస్‌తో కలిపి 35,000 పైన పన్ను పడేది. కాబట్టి మీకు పోయిందేమీ లేదు. ఇంటి అద్దె, గృహరుణం వడ్డీ చూపించుకునే ఉద్యోగులకు మాత్రం ఇది గట్టి దెబ్బే. వ్యాపారంలో నష్టం వచ్చిన వాళ్లకూ అంతే. గడువులోపు వేయకపోతే ఆ నష్టాన్ని వచ్చే ఏళ్ల లాభంలో తగ్గించుకునే హక్కు పోతుంది.

12 లక్షల దాకా పన్ను లేదని టీవీలో విన్నాను కదా అని మీకు అనిపించవచ్చు. అది 2025 ఏప్రిల్ 1 తర్వాతి ఆదాయానికి. ఇప్పుడు మీరు వేసేది అంతకు ముందు సంవత్సరానిది, దానికి 7 లక్షలే.

ఈ లెక్కంతా తేలికే. అసలు జాగ్రత్త పడాల్సింది రిటర్ను వేసిన తర్వాత. ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మా మేనమామ గుణుపూర్‌లో మాస్టారుగా రిటైరయ్యారు. రిటైర్మెంటు డబ్బు ఎఫ్‌డీలో వేస్తే టీడీఎస్ కోశారు. ఒక డిసెంబర్ చివరి వారంలో నెట్ సెంటర్‌లో రిటర్ను వేయించి, చేతికిచ్చిన కాగితాన్ని లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకున్నారు. నెలలు గడిచినా రిఫండు రాలేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ కాగితం నా చేతికిచ్చారు. పైన చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో, రిటర్ను దాఖలైంది గానీ వెరిఫై కాలేదు అని ఉంది. ఆయన చేతిలో ఉన్నది రసీదు కాదు, సంతకం పెట్టి పంపాల్సిన ఫారం. అది తెలియక ప్లాస్టిక్ తొడిగి దాచుకున్నారు. ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టి, తిరిగి తిరిగి, డబ్బు చేతికొచ్చేసరికి ఇంకో వేసవి వచ్చింది. ఆ ప్లాస్టిక్ కాగితం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

రిటర్ను వేసిన 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి, అంటే అది మీదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. దాటితే వెరిఫై చేసిన రోజే రిటర్ను వేసినట్టు లెక్క. డిసెంబర్ ఆఖరున వేసి ఫిబ్రవరిలో వెరిఫై చేస్తే, బిలేటెడ్ గడువు కూడా దాటిపోయినట్టే. అందుకే ఆడిటర్ గారి ముందు కుర్చీలోంచి లేవకముందే ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయించేయండి. మీ వైపు ఇక్కడే ఒక చిక్కుంటుంది. సరిహద్దులో ఉన్న మనవాళ్ల చేతిలో రెండేసి సిమ్ములు ఉంటాయి. ఆధార్‌కి ఇచ్చిన పాత నంబరు ఎప్పుడో మూలపడిపోయి ఉంటుంది. ఈ రోజే చూసుకోండి. ఓటీపీ రాకపోతే నెట్ బ్యాంకింగ్‌తోనో, ధ్రువీకరించిన బ్యాంకు ఖాతాతోనో వెరిఫై చేయొచ్చు. ఏదీ కుదరకపోతే సంతకం చేసిన ఫారాన్ని బెంగళూరులోని ప్రాసెసింగ్ సెంటర్‌కి స్పీడ్ పోస్టులో పంపొచ్చు.

పేరు కూడా సరిచూసుకోండి. పాన్ కార్డు ఒకచోట, ఆధార్ ఇంకోచోట చేయించుకున్న కుటుంబాలు మీ దగ్గర చాలా ఉన్నాయి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది. ఒకదాంట్లో రావు అనీ ఇంకోదాంట్లో రావ్ అనీ ఉంటుంది. పాన్‌లో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు కలవకపోతే ఖాతా వాలిడేట్ కాదు, రిఫండు దారిలోనే ఆగుతుంది. ఆరు వేలే కదా అనుకోకండి, అది మీ కష్టార్జితం.

ఆడిటర్ గారిని మార్చడం గురించి. డిసెంబర్ ముందు మార్చవద్దని నా సలహా. మీ కొట్టు సంగతులు, పాత రిటర్నులు ఆయన దగ్గర ఉన్నాయి. కొత్తవాళ్లకు మొదటి నుంచి చెప్పుకోవాలి. కానీ ఒక పని చేయండి. ఈ-ఫైలింగ్ సైటులో మీ ఖాతా తెరిపించి, అందులో మొబైల్ నంబరు, ఈమెయిల్ ఎవరివి ఉన్నాయో చూడండి. పని సులువవుతుందని చాలా ఆఫీసుల్లో తమ నంబరే పెట్టేస్తారు. అందులో దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ శాఖ పంపే ప్రతి కబురూ అప్పుడు మీకు కాకుండా ఆయనకు పోతుంది, ఆయన పనుల్లో పడి మరిచిపోతే మీకు ఏదీ తెలియదు. మర్యాదగానే అడిగి మీ నంబరు, అబ్బాయి ఈమెయిల్ పెట్టించండి. పాస్‌వర్డు మీ దగ్గర కూడా ఉండాలి. దీనికి ఆయన ఒప్పుకోకపోతే మాత్రం, జనవరిలో మార్చేయండి.

ఇంకొకరిని వెతకాల్సి వస్తే పర్లాకిమిడిలోనే దొరకాలని లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది, పక్కనున్న పాతపట్నం ఇటు ఆంధ్ర వైపే ఉండిపోయింది. ఆదాయపు పన్నుకు మాత్రం ఆ గీత పట్టదు, అది కేంద్రానిది. పాతపట్నంలోనో శ్రీకాకుళంలోనో మీకు తెలుగులో విడమరచి చెప్పే ఆడిటర్ ఉంటే నిరభ్యంతరంగా వెళ్లండి. జీఎస్టీ వేరు. మీ నంబరు ఒడిశాది, 21తో మొదలవుతుంది. ఆ లెక్కలు చూసేవాళ్లకు అక్కడి వ్యవహారం తెలిసి ఉండాలి. రెండు పనులూ ఇద్దరు చేస్తుంటే వాళ్లను ఒకరితో ఒకరు మాట్లాడించండి. జీఎస్టీ రిటర్నుల్లో చూపిన అమ్మకాలకూ ఈ 78 లక్షలకూ తేడా ఉంటే, రేపు ప్రశ్న వచ్చేది అక్కడి నుంచే.

ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలో మీకు తెలుసు, ఏటా చేస్తున్నదే. పాస్‌బుక్కులన్నీ మార్చి 31 దాకా ఎంట్రీ వేయించి తీసుకెళ్లండి. ఏఐఎస్ అనే నివేదిక ఆయన చేత డౌన్‌లోడ్ చేయించి, మీ లెక్కతో వరసవరసా పోల్చండి. ఎఫ్‌డీ వడ్డీ, పెద్ద నగదు డిపాజిట్లు అందులో శాఖకు ముందే కనబడతాయి. మీరు మరిచిపోయిన పాత పొదుపు ఖాతా కూడా అక్కడ బయటపడొచ్చు.

బ్యాంకు గురించి దిగులు వద్దు. సీసీ రెన్యువల్‌కి వాళ్లు అడిగేది రిటర్ను కాపీలు, లెక్కలు. అక్నాలెడ్జ్‌మెంట్ మీద తేదీ, బిలేటెడ్ అన్న సెక్షను కనబడతాయి. మేనేజరు అడిగితే ఆపరేషన్ సంగతి చెప్పండి. ఏటా క్రమంగా వేసే మనిషి ఒక్కసారి ఆలస్యం చేస్తే అర్థం చేసుకుంటారు. నవంబర్‌లోనే వేస్తే జనవరి నాటికి ప్రాసెస్ అయిన ఇంటిమేషన్ కూడా మీ చేతిలో ఉండే అవకాశం ఉంది. ఆ ఇంటిమేషన్ ఈమెయిల్‌లో వస్తుంది. సెక్షన్ నంబర్లు చూసి నోటీసు వచ్చిందని కంగారు పడకండి. మీ లెక్కా మా లెక్కా ఇదీ అని చెప్పే కాగితం అది.

డిసెంబర్ 31 కూడా దాటితే ఏమవుతుందని మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఆ తర్వాత అప్‌డేటెడ్ రిటర్ను అనేది ఒకటి ఉంది, నాలుగేళ్ల దాకా వేయొచ్చు. కానీ అది అదనపు పన్ను కట్టేవాళ్లకే, రిఫండు అడగడానికి పనికిరాదు. మీలాంటి వాళ్లకు మిగిలేది కమిషనర్‌కి మన్నింపు అర్జీ పెట్టుకోవడం. నిజమైన కష్టం వల్ల ఆలస్యమైందని కాగితాలతో రుజువు చేయాలి. అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతిది) ముగిశాక ఐదేళ్ల లోపు పెట్టుకోవచ్చు. వదినగారి డిశ్చార్జి సమ్మరీ, ఆస్పత్రి బిల్లులు అందుకే జాగ్రత్తగా ఉంచండి. పోయినేడు, అంటే 2024లో, డిసెంబర్ 31 ని 2025 జనవరి 15 దాకా పెంచారు. అది చూసి ఈసారీ పెంచుతారులే అని ఎవరైనా అంటే వినకండి.

చివరగా ఆ జాయింట్ ఎఫ్‌డీ. డబ్బు మీది, వడ్డీ మీ రిటర్నులో చూపుతున్నారు, ఇక్కడికి సరిపోయింది. కానీ అందులో మీ అబ్బాయి పేరు ఉంది, అతను అమెరికాలో పన్ను కట్టే మనిషి. బయటి దేశాల్లో తన పేరున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే, అక్కడి ప్రభుత్వానికి ఎఫ్‌బార్ అనే నివేదిక ఇవ్వాలి. మన డబ్బులో అది సుమారు తొమ్మిది లక్షలు. అంత వడ్డీ వచ్చిందంటే మీ ఎఫ్‌డీ అంతకు మించే ఉంటుంది. జాయింటు కదా, సగమే నాది అనడానికి లేదు, మొత్తం చూపాలి. దాని గడువు కూడా ఏప్రిల్ 15, ఫారం పెట్టకపోయినా అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంటుంది. ఆ తేదీ కూడా పోయింది కాబట్టి, మీవాడు ఇప్పటికి ఆ పని చేసి ఉండాలి. మామూలుగా అకౌంటెంటు అడిగితేనే పిల్లలు చెబుతారు, అకౌంటెంటుకు ఇక్కడి ఎఫ్‌డీ సంగతి తెలియదు. ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు మీ రిటర్ను సంగతి పక్కన పెట్టి, ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఏప్రిల్‌లో ఎక్స్‌టెన్షన్‌తో పాటు డబ్బు కూడా కట్టాడా? పర్లాకిమిడి ఎఫ్‌డీ గురించి వాళ్ల అకౌంటెంటుకు చెప్పాడా?